జ్వరానికి కూర్చోని పురుగు

మేనకోడలు పట్టుపురుగును చిన్న సీసాలో వేసి, సీసాకు తడిగుడ్డ చుట్టి, సైకిలు ముందు బుట్టలో పెట్టుకుంది. ఒక కాలు నేల మీద, ఒక కాలు పెడలు మీద ఉంచి వెనక్కి తిరిగి, “గంటలో వస్తా మామయ్యా. పురుగులు లేచినా సరే, నేనొచ్చేదాకా ఒక్క ఆకు వేయకు,” అంది. మూగన్న తలూపాడు. “తట్టల అంచుల మీద తిరిగేదేదైనా ఈ మధ్య నీ కంటపడిందా?” అని కూడా అడిగింది. దానికీ తలూపాడు. ఆయన తలూపుడు అవుననీ కాదనీ రెండు వైపులా చీలే దారి లాంటిది; ఎటు పోవాలో నడిచేవాళ్లే తేల్చుకోవాలి. మేనకోడలు కాదనే వైపు నడిచి వెళ్లిపోయింది. సైకిలు గొలుసు కిర్రుమంటూ వీధి చివరి దాకా వినిపించి, మలుపులో తెగిపోయింది. ఆయన చేతులు మందునీళ్లలో ముంచి, తుడుచుకుని, పట్టుగదిలోకి వచ్చి తలుపు చేరవేసి, తట్టల ఎదుట ఎత్తుపీట మీద కూర్చున్నాడు. గదిలో సున్నం వాసన, ఎండిన ఆకు వాసన, వాటి కింద మరేదో పురాతనమైన వాసన, ఇంట్లో చాలామంది నిద్రపోతున్నప్పుడు ఉండేలాంటిది. ఐదు తట్టలు, ఒకదాని మీద ఒకటిగా కర్ర పందిరిలో. పందిరి కాళ్లు నాలుగూ చీమలు ఎక్కకుండా నీళ్ల గిన్నెల్లో. పొద్దున మేనకోడలికి ఆ రోగిష్టి పురుగు దొరికింది తట్టలో కాదు, పందిరి కాలు మీద. కిందికి దిగి, నీళ్లు అడ్డమొచ్చి, మళ్లీ పైకి, మళ్లీ కిందికి తిరుగుతూ. ఏ తట్టలోంచి వచ్చిందో దేవుడికి తెలియాలి. దేవుడికీ, మూగన్నకూ.

ఐదు తట్టల్లోనూ పెద్ద జ్వరం. పట్టుపురుగుల ఇళ్లలో జ్వరమంటే జబ్బు కాదు. పురుగు పుట్టినప్పటి నుంచి గూడు కట్టేలోపు నాలుగుసార్లు పాత తోలు విడిచి కొత్త తోలు తొడుక్కుంటుంది. విడిచే ముందు తిండి మాని, తల పైకెత్తి, దూరంగా ఎవరో పిలిస్తే విందామన్నట్టు, ఒక పగలూ ఒక రాత్రీ కదలకుండా ఉండిపోతుంది. దాన్నే జ్వరానికి కూర్చోవడం అంటారు; నాలుగోది, చివరిది, పెద్ద జ్వరం. కూర్చున్నది ఆరోగ్యంగా ఉన్నట్టు. కూర్చోకుండా అంచుల మీద తిరిగేదే రోగిష్టిది. ఈ తిరకాసు తెలియక పక్క వాటాలోకి కొత్తగా దిగిన దర్జీ భార్య ఒకసారి పడ్డ పాట్లు అన్నీ ఇన్నీ కావు. మూగన్న అక్క, మేనకోడలి తల్లి, గోడ మీదుగా, “ఇవాళ మా ఇంట్లో అందరూ జ్వరానికి కూర్చున్నారమ్మా, ప్రాణం హాయిగా ఉంది, మధ్యాహ్నం కాస్త కునుకు తీస్తా,” అని చెప్పింది పాపం మామూలుగానే. అరగంటలో ఆవిడ మందుసీసా, తడిగుడ్డలు, మొగుణ్ణీ వెంటబెట్టుకుని వచ్చేసింది. అక్క గుమ్మానికి జారగిలబడి, కళ్లల్లో నీళ్లు తిరిగేదాకా నవ్వి, చివరికి తమ్ముడి వైపు చెయ్యి చూపించి, “వీడొక్కడే కూర్చోలేదు, చూడమ్మా, మందేదో వీడికే పట్టించు,” అంది. దర్జీ నిజంగానే చెంచా తీశాడు.

ఆ నవ్వు ఇప్పుడీ గదిలో లేదు. అక్క పోయి ఎనిమిది నెలలు. ఆమె ఉన్నన్నాళ్లూ ఆయనకు మాటల అవసరం పడలేదు. మావాడికి ఆకలేస్తోంది, మావాడికి ఈ చొక్కా రంగు నచ్చలేదు, మావాడు మీరన్నదానికి ఒప్పుకోవడం లేదు అని అన్నీ ఆమే అనేది, అన్నీ నిజాలే అయ్యేవి. ఒకసారి విత్తనాల ఆఫీసులో గుమాస్తా విసిగిపోయి, “ఆయన్ని చెప్పనివ్వండమ్మా,” అంటే, “ఆయనే చెప్తున్నాడు నాయనా, నా నోటితో,” అంది. పాతికేళ్ల పైన అలా గడిచాయి. ఆయన చేతులు, ఆమె నోరు. ఆకు కోసేది ఆయన, ఆకు బాగుందని ఊరికి చెప్పేది ఆమె. మొగుడు పోయి చంటిపిల్లతో పుట్టింటికి వచ్చిన రోజు కూడా ఆమే మాట్లాడింది. “ఏడవకురా, నాకు చూడ్డానికి బాగాలేదు, ముందు వెళ్లి ఆకు తే,” అని. పనికిరాని పాత తట్ట ఒకటి ఉంటే దాంట్లో మెత్తగుడ్డలు పరిచి ఆ చంటిదాన్ని ఈ గదిలోనే పడుకోబెట్టారు. పై తట్టల్లో పురుగులు ఆకు తింటూంటే ఆ చప్పుడు తడి ఇసుక మీద ఎవరో చీపురుతో మెల్లగా, ఆపకుండా ఊడుస్తున్నట్టుండేది. ఆ చప్పుడుకే పిల్ల నిద్రపోయేది. జ్వరాల రోజున చప్పుడు ఆగిపోతే ఉలిక్కిపడి లేచేది. నిశ్శబ్దానికి లేచే పిల్లను ఇక్కడే చూశానని అక్క ఊరంతా చెప్పుకుంది. ఐదేళ్లప్పుడు బడి ఎగ్గొట్టాలనిపిస్తే గోడవార కూర్చుని, తల పైకెత్తి, కదలకుండా, “నేను జ్వరానికి కూర్చున్నా,” అనేది. అక్క దాని నెత్తిన రెండు ఆకులు పెట్టి, “లేచాక తిందువుగాని, అందాకా బడికి పో,” అనేది.

గోడ గడియారంలో పెద్దముల్లు కదిలినట్టే లేదు. పైకప్పు రేకుకు ఉన్న చిల్లులోంచి ఎండ పావలాకాసంత నేల మీద పడి ఉంది. అది పందిరి కాలు దాకా జరిగే సరికి ఇవి జ్వరం లేవడం మొదలుపెడతాయి. మూడో తట్టలో అప్పుడే ఒకదాని మూతి కొత్తగా, వెడల్పుగా, లేతగా బయటపడింది. మూగన్న ఊపిరి బిగబట్టి చూశాడు. కొత్త మూతి. దానికింకా ఆకలి తెలియదు. తెలిసేలోపే తేలిపోవాలి అన్నీ. జ్వరంలో ఉన్నంతసేపు పురుగు నోరు మూసుకుని ఉంటుంది, రోగం పోయేది నోటి దారినే. లేచాక మొదటి ఆకుతో పాటు ఆ ఆకు మీద ఏముంటే అది లోపలికి పోతుంది. “వీటి నోళ్లు మూసుకున్నంతసేపే మనకు వ్యవధి మామయ్యా,” అంది పొద్దున మేనకోడలు. ఆమె ఆఫీసులో, సూక్ష్మదర్శిని కింద, సీసాలో పురుగు రసం చుక్కలో రోగపు గింజలు కనిపించాయో, ఏ తట్ట మంచిదో ఏది చెడ్డదో తెలియనప్పుడు ఐదూ తీసుకెళ్లి గుంటలో వేసి కాల్చేయాలి. అది ఆఫీసు నియమం, న్యాయమైన నియమం. తెల్లగూళ్ల పురుగులైతే ఆయన ఇంత బాధపడడు. ఆఫీసుకు వెళ్తే మళ్లీ గుడ్లు ఇస్తారు. ఇవి పసుపువి. అమ్మ నాటి విత్తనం. చుట్టుపక్కల ఎవరి దగ్గరా లేదు, ఆఫీసు అరల్లో ఉన్నది కూడా ఎన్నడో పాడైపోయింది. పోయిన వేసవి ఎండలకు గుడ్లు మాడిపోగా ఒక్క కాగితం నిండా మిగిలినవే పొదిగాయి. ఇవి గూళ్లు కట్టి, గూళ్లలోంచి రెక్కలతో బయటికొచ్చి, గుడ్లు పెడితేనే మళ్లీ ఏడాది పసుపు గూడన్నది ఉంటుంది. లేకపోతే ఇక లేదు. అంతే.

అమ్మ ఆ గుడ్లను గుడ్డసంచిలో పోసి నడుముకు కట్టుకునేది. చలి తగ్గని రోజుల్లో ఒంటి వేడే వాటికి పొయ్యి. పది రోజులు ఆమె పరుగెత్తేది కాదు, బరువెత్తేది కాదు, ఎవరితోనూ పోట్లాడేది కాదు. కోపం వస్తే ఒళ్లు కాగుతుంది, గుడ్లు బెదురుతాయి అనేది. ఆ పది రోజుల కోసం నాన్న ఏడాదంతా ఎదురుచూసేవాడని అక్క హాస్యం. పడుకున్నప్పుడు ఒక పక్కకే పడుకునేది. మూగన్న చిన్నప్పుడు ఆ సంచికి చెవి ఆనించి విన్నాడు. అమ్మ కడుపులో ఏదో గుడగుడమంది. “ఏమంటున్నాయిరా?” అని అడిగింది అమ్మ. ఏమీ అనడం లేదని చెప్పడానికి ఆయన తల అడ్డంగా ఊపాడు. ఆ తల ఊపుడు ఆమె చీర కుచ్చిళ్లకు రాసుకుంది. ఎంత చిన్న సంగతి, ఎక్కడ దాక్కుని ఉంది ఇన్నాళ్లూ. పొదిగిన రోజున గుడ్లలోంచి వచ్చినవి కాటుక చుక్కలంతే ఉండేవి, వెంట్రుకలతో, నల్లగా. అమ్మ పక్షి ఈకతో వాటిని లేత ఆకు తరుగు మీదికి దువ్వేది. చేయి తగలనిచ్చేది కాదు. చేతికి జాలి ఎక్కువ, ఈకకు ఉండదు అనేది. ఆమె అన్న మరో మాట ఈ గంటసేపూ చెవి దగ్గర దోమలా తిరుగుతోంది. జ్వరానికి కూర్చోనిదాని మీద జాలి పడితే, కూర్చున్నవాటి మీద పగబట్టినట్టే.

అమ్మకు సూక్ష్మదర్శిని తెలియదు. తెలిసినదల్లా ఇంతే: తిరిగే పురుగు బాగా తింటుంది, అందరికంటే ఎక్కువ తింటుంది, ఒళ్లు ఉబ్బి నూనె రాసినట్టు మెరుస్తుంది, చూస్తే ముచ్చటేస్తుంది, చివరికి తోలు చిట్లి పాలలాంటి నీరు కారుతుంది, ఒక్క పోగు దారం రాదు. పాలరోగం. అది ఎందుకలా అవుతుందో మేనకోడలు చెప్పింది, రెండేళ్ల కింద, ఇదే గదిలో, ముగ్గురూ ఆకు తుంచుతూ కూర్చున్నప్పుడు. ఆఫీసులో కొత్తగా చేరింది, నేర్చుకున్నదల్లా ఎవరికో ఒకరికి చెప్తేగాని నిద్రపట్టేది కాదు. “పురుగు ఒళ్లంతా కణాలమ్మా. ఒక్కో కణం ఒక్కో కార్ఖానా అనుకో. దానికో లోగది. లోగదిలో ఇంటి పెద్దపుస్తకం. అందులోంచి చీటీలు రాసి బయటికి పంపిస్తారు. బయట వేలమంది పనివాళ్లు. చీటీలో ఏముంటే అది చేస్తారు. పట్టంటే పట్టు, తోలంటే తోలు.”

“కూలి?” అంది అక్క.

“కూలి ఆకే. విను. ఆకుతో పాటు ఒక మెరుపు గింజ కడుపులోకి పోతుంది. అక్కడ కరుగుతుంది. దాంట్లో దాక్కున్నది బయటపడి, కణంలోకి దూరి, నేరుగా లోగదిలో కూర్చుంటుంది. గొడవేమీ చేయదు. ఇంటి చీటీలు మెల్లగా తగ్గిపోతాయి. దాని చీటీలు మొదలవుతాయి. ఒక రోజో రోజున్నరో గడిచేసరికి పట్టు అన్న మాట రాసున్న చీటీ బయటికి రావడమే ఉండదు. ఒంటికి కావలసిన మాంసకృత్తులన్నీ అలాగే ఆగిపోతాయి. పనివాళ్లు వాళ్లే, పొయ్యి అదే, ఆకు అదే. చీటీయే మారింది. రాత్రింబవళ్లు పనిచేసి, వచ్చినవాడి పిల్లలకు పెట్టెలు చేస్తూ ఉంటారు. ఆ పెట్టెలే ఆ గింజలు.”

“మా అత్తగారింటికి వచ్చే చుట్టం ఒకడుండేవాడు,” అంది అక్క ఆకు తుంచుతూనే. “అరుగు మీద కూర్చుని వంటింట్లోకి కబురు పంపేవాడు. మూడో రోజుకి ఇంట్లోవాళ్లం ఏం తినేవాళ్లమో మాకే గుర్తుండేది కాదు.”

“అంతేనమ్మా. తోలు మార్చుకోమని ఒంట్లో పుట్టే కబురును కూడా చెరిపేస్తుంది. జ్వరానికి కూర్చుంటే తిండి ఆగిపోతుంది కదా, దానికి నష్టం. అందుకే కూర్చోనివ్వదు, తిప్పుతుంది.”

అప్పుడు మూగన్న నోరు విప్పాడు. “పనివాళ్లకు తెలీదా?” అన్నాడు. అక్క చేతిలో ఆకు ఆగిపోయింది. “చూశావే, మీ మామయ్యకు మూడు నెలలకు ఒక మాట పడింది, తారీఖు రాసి పెట్టుకో,” అంది. మేనకోడలు నవ్వలేదు. “వాళ్లకు చదవడమే వచ్చు మామయ్యా. ఎవరు రాశారని అడగడం రాదు,” అంది. ఆ జవాబు ఆయనకు నచ్చింది. నచ్చిందని చెప్పలేదు. అక్క చెప్పింది, “వాడికి నచ్చింది,” అని. ఆ సాయంత్రం కిటికీ ఊచల నీడ ముగ్గురి ఒళ్లలోనూ పడి ఉంది, తుంచిన ఆకు కాడలు అక్క పాదాల చుట్టూ పోగై ఉన్నాయి, వేళ్లకు ఆకు పసరు. అప్పుడు అందులో గుర్తుపెట్టుకోవలసింది ఏదీ లేదు.

ఎండ కాసు రెండు వేళ్లు జరిగింది. మూగన్న లేచి తట్టల దగ్గరికి వెళ్లాడు. రెండో తట్ట వైపు చూడకూడదనుకుని దాన్నే చూశాడు. ఆరు రోజుల కింద, మూడో జ్వరం రోజున, ఈ అంచు మీదే. మేనకోడలు ఆఫీసుకు వెళ్లిపోయింది. అన్నీ తలలెత్తి కూర్చున్నాయి, ఒక్కటి మాత్రం అంచు పట్టుకుని పోతోంది. ఆగి, ముందు సగం ఒళ్లు గాలిలోకి లేపి, తల కుడికీ ఎడమకూ తిప్పింది. అచ్చం అక్క కళ్లద్దాలు వెతుక్కున్నట్టు. నెత్తి మీదే పెట్టుకుని అల్మారాలో, పరుపు కింద, చివరికి ఆకుబుట్టలో కూడా వెతికేది. ఆయన వేలు చూపించేవాడు. “ముందే చెప్పచ్చుగా,” అని కసిరేది. ముందే చెప్పచ్చుగా. ఆ పురుగు ఇంకా ఉబ్బలేదు, తోలు ఇంకా మెరవలేదు. కొన్ని ఆలస్యంగా కూర్చుంటాయి, ప్రతి విడతలోనూ నాలుగైదుంటాయి అనుకున్నాడు. మా తమ్ముడు అన్నింటికీ ఆలస్యమేనమ్మా, పుట్టడానికి కూడా పదిహేను రోజులు ఎదురుచూపించాడు అనేది అక్క. పసుపువి అసలే కొన్ని. ఒక్కటంటే ఒక్కటే. అలాంటివాటిని వేలసార్లు చిమటాతో తీసి సున్నపు గిన్నెలో పడేసిన మనిషి, చిమటా తీసుకోలేదు. వేళ్లతో పట్టుకున్నాడు. చల్లగా, మెత్తగా, బతికి ఉంది. తట్ట మధ్యలో, మిగతావాటి పక్కన పెట్టాడు. పెట్టి, గదిలో ఎవరూ లేకపోయినా చుట్టూ చూశాడు. ఆ చూపే చెప్పింది ఆయనకు, తాను చేస్తున్నదేమిటో తనకు తెలుసునని.

మరునాడు అన్నీ జ్వరం లేచాయి, ఇరుకైందని రెండో తట్టలో సగాన్ని తీసి ఐదోదిగా పరిచాడు. ఆ మరునాడు రెండో తట్టలో ఒక మూల ఆకు మీద తెల్లని మరక, మరక పక్కన నల్లబడిన మెత్తని తోలు. చిమటాతో తీశాడు, చుట్టూ ఉన్న ఆకంతా ఎత్తేశాడు, పెరట్లో కాల్చాడు, సున్నం చల్లాడు, చర్మం తెల్లగా ముడతలు పడేదాకా చేతులు కడిగాడు. ఆ రోజు నుంచి ఆకు వేసే వరస ఆయన చేతులే మార్చుకున్నాయి. ఒకటి, మూడు, నాలుగు. చేతులు కడుక్కుని, బుట్ట మార్చి, రెండు, ఐదు. చేతులు ఒప్పుకున్న సంగతి నోరు ఒప్పుకోలేదు. రోజూ సాయంత్రం మేనకోడలు వచ్చేది, చెప్పాలి అనుకునేవాడు; ఆమె చేతులు కడుక్కునేది, ఇప్పుడు అనుకునేవాడు; ఆమె తట్టలు చూసి, “బాగున్నాయి మామయ్యా, అమ్మ ఉంటే దిష్టి తీసేది,” అనేది, ఇక అయిపోయేది. ఒక్క మాటను ఆపుదామని మొదలుపెడితే అన్ని మాటలూ ఆగిపోయాయి. నీళ్లు కాగాయని, దర్జీ వచ్చి వెళ్లాడని, సైకిలు చక్రంలో గాలి లేదని, ఈ ఎనిమిది నెలల్లో కష్టపడి నేర్చుకున్న నాలుగు మాటలు కూడా. లోపల మాత్రం పని ఆగలేదు. ఏ సంగతి మీదికి మనసు పోయినా, అక్క మీదికి పోయినా, అమ్మ సంచి మీదికి పోయినా, అన్నిట్లోంచీ ఆ తెల్లని మరకే తయారై వస్తోంది. అన్నం తింటున్నాడు. ఎక్కువే తింటున్నాడు.

చెప్తే ఏమవుతుంది. మూడు తట్టలు మిగులుతాయి, బహుశా. చెప్పకపోతే ఐదూ పోతాయి, ఎవరి తప్పూ లేకుండా పోతాయి, గాలి వల్ల పోయాయి, వేడి వల్ల పోయాయి, పోయే రోజు వచ్చి పోయాయి. మేనకోడలు ఏడుస్తుంది, ఆయన ఆమె పక్కన కూర్చుంటాడు, మామయ్య పాపం అంటుంది. తన తల్లి విత్తనాన్ని మామయ్యే చంపాడని ఆమెకు ఎప్పటికీ తెలియదు. ఎంత సులువు. ఊరుకోవడం ఆయనకు పుట్టుకతో వచ్చిన పని. అరవయ్యేళ్లుగా దాన్ని మంచితనమని అందరూ అన్నారు, ఆయనా అనుకున్నాడు. అక్క ఉంటే ఈపాటికి ముఖం చూసి చెప్పేసేది, మావాడు ఏదో వెధవపని చేశాడే, రెండో తట్ట వైపు చూడటం లేదు చూడు అని. అక్క నోరు లేదు. తనదే ఉంది. మూడో తట్టలో నాలుగు లేచాయి. ఒకటోదాంట్లో అంచున రెండు. విడిచిన పాత తోళ్లు వాటి తోకల దగ్గర నలిగిన కాగితాల్లా ఉన్నాయి. తలలు ఇటూ అటూ ఆడుతున్నాయి, ఇక ఆకలి తెలుస్తోంది.

సైకిలు గొలుసు కిర్రుమంది. ఎండ పందిరి కాలిని ఇంకా తాకలేదు. ఆమె లోపలికి రాలేదు. గుమ్మం బయటే నిలబడింది. ఆఫీసులోనే స్నానం చేసి బట్టలు మార్చుకున్నట్టుంది, తల తడిగా ఉంది.

“ఉన్నాయి మామయ్యా. చుక్క నిండా గింజలే, పంచదార ఒలకపోసినట్టు.” ఆమె గొంతు బాగానే ఉంది, చేతులే ఎక్కడ పెట్టుకోవాలో తెలియనట్టున్నాయి. “ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలీదు. ఐదూ తీసెయ్యాలి. నేను తీస్తా, నువ్వు చూడకు, అరుగు మీద కూర్చో.”

“రెండు,” అన్నాడు మూగన్న.

“ఏం రెండు?”

“రెండోది. అయిదోది. మిగతావి కాదు.”

ఆమె అర్థం కాక చూసింది. ఆయన రెండో తట్ట వైపు వేలు చూపించి, మళ్లీ మొదలుపెట్టాడు. “మూడో జ్వరంలో. అంచు మీద తిరుగుతుంటే తీసి లోపల పెట్టాను. నేనే. తెలిసే పెట్టాను. మర్నాడు రెండోదాన్ని చీల్చి అయిదోది చేశాను. ఆ మర్నాడు అది చిట్లింది.”

దర్జీ మిషను చప్పుడు గోడ అవతల నుంచి వస్తూనే ఉంది. ఆమె చాలాసేపు ఏమీ అనలేదు. ఆ మౌనం ఎలా ఉంటుందో మూగన్నకు మొదటిసారి అవతలి వైపు నుంచి తెలిసింది.

“ఆ చేతుల్తోనే మిగతావాటికి వేశావా?”

“లేదు. ముందు మూడింటికి. తర్వాత కడుక్కుని ఈ రెంటికి. బుట్ట వేరు. పొద్దున ఆ కాలి మీద దొరికింది కూడా మళ్లీ తట్టల దాకా ఎక్కలేదు, గిన్నె దగ్గరే తిరిగింది. పందిరి కడిగేస్తే చాలు.”

“అందుకా,” అంది ఆమె. “వరస మార్చి వేస్తుంటే చూశాను. అమ్మ పోయాక నీకు అంకెలు తప్పుతున్నాయనుకున్నా. అడిగితే బాధపడతావని ఊరుకున్నా.” కాలి బొటనవేలితో గుమ్మం మీది సున్నాన్ని గీసింది. “బాగుంది మామయ్యా. ఇంట్లో మాట్లాడే మనిషి పోయి, ఊరుకునేవాళ్లిద్దరం మిగిలాం.”

“కోప్పడు,” అన్నాడు ఆయన.

“పడతాలే. ఇప్పుడు తీరిక లేదు. లేస్తున్నాయి.”

రెండు తట్టలూ ఆయనే మోశాడు. పెరటి చివర గుంటలో ఎండుకట్టెలు పేర్చి ఉన్నాయి, అవి ఎప్పుడూ పేర్చే ఉంటాయి. రెండోది పెద్ద కష్టం కాలేదు. ఐదోదాన్ని పట్టుకుని నడుస్తుంటే మెట్టు దగ్గర కుదుపుకు ఒకటి లేచింది, దాని పక్కది లేచింది, కొత్త మూతులు పైకెత్తి తలలు ఆడించాయి. వాటిలో చాలావాటికి రోగం లేదేమో. ఉందేమో. ఆయన ఆగి చూశాడు, ఈసారి చేయి పెట్టలేదు. మంట అందుకున్నాక కూడా వెంటనే రాలేదు, చివరి పొగ తెల్లబడేదాకా నిలబడ్డాడు. ఏడ్చాడా అంటే, పొగకు కళ్లు మండాయని చెప్పడానికి పక్కన ఎవరూ లేరు.

తిరిగి వచ్చేసరికి మేనకోడలు పందిరి కాళ్లు కడిగి, గిన్నెల్లో నీళ్లు మార్చి, మూడు తట్టల మీదా సున్నపు పొడి పలచగా జల్లెడ పట్టి, గుమ్మానికి అడ్డంగా నిలబడింది. “నువ్విక లోపలికి రాకూడదు మామయ్యా. ఇవి గూడు కట్టేదాకా. నీ బట్టల మీదేముందో, గోళ్లలో ఏముందో.” చెప్పలేక చెప్పింది. పెద్ద జ్వరం లేచాక గూళ్లు కట్టేదాకా ఉండే ఆ ఎనిమిది రోజులూ ఏడాదికంతటికీ పండగలాంటివి ఆయనకు. పురుగు వేలంత లావై, ఆకు వేయడానికి చేతులు చాలక, గదంతా ఆ చప్పుడుతో నిండి, అక్కా తమ్ముడూ కేకలేసుకుంటే తప్ప వినబడేది కాదు. కేకలన్నీ అక్కవే అనుకోండి. నలభై ఏళ్లలో ఒక్క లేపుడూ ఆయన చేతులు లేకుండా జరగలేదు. మూగన్న చేతుల వైపు చూసుకుని, వెనక్కి రెండడుగులు వేసి, అరుగు మీద నిలబడ్డాడు. లోపల ఆమె ఆకుబుట్ట పక్కన మోకాళ్ల మీద కూర్చుని ఉంది. ఆఫీసులో చచ్చిన వాటిని కోసి చూడటమే గాని, లేచిన వాటికి మొదటి ఆకు ఆమె ఎన్నడూ వేయలేదు. అది అమ్మ పని, తర్వాత అక్క మాటల కింద ఆయన పని.

“ఎంత ఆకు?” అని అడిగింది వెనక్కి తిరగకుండానే.

ఆయన చేయి తనంతట తానే లేచి గాలిలో కొలత చూపించింది. ఆమె చూడటం లేదు. చేయి దించాడు.

“లేతది,” అన్నాడు. “ఎక్కువొద్దు. మూతులు మెత్తగా ఉంటాయి. అంచు నుంచి మొదలుపెట్టు, మధ్యలోకి రా. కూర్చునే ఉన్నవాటి మీద పడనీయకు, అవి కూడా లేచాకే. విసరకు. దగ్గర్నుంచి వదులు.”

“ఏమిటీ? ఇంకొంచెం గట్టిగా చెప్పు మామయ్యా, వినబడ్డం లేదు.”

గోడ అవతల దర్జీ మిషను ఆగింది. మూగన్న గొంతు సవరించుకుని, మొదటి ఆకు నుంచి మళ్లీ చెప్పాడు.